శెనక్కాయల గంప

మేనేజరు గది బయటి బెంచీ మీద కూచుని ఇరుళాయి గోడకు వీపు ఆనించింది. గోడ అదురుతా వుంది. అవతల రింగు షెడ్డు, నూలు వడికే ఫ్రేములన్నీ ఒక్కసారిగా తిరుగుతున్నాయి, ఆ అదురు రోజూ కాళ్ల కింద నుంచి ఎక్కేది, ఇయ్యాల వెన్నులోనుంచి ఎక్కుతా వుంది, అంతే తేడా. ఆమె ఫ్రేము కూడా తిరుగుతానే వుండాల. దాని దగ్గర రాసాత్తి వుంటుంది, తన ఫ్రేమూ ఈమె ఫ్రేమూ రెండూ చూసుకుంటా, తెగిన పోగు అతికించడానికి ఈ కొసనుంచి ఆ కొసకు పరిగెత్తుతా, కడుపు మీద చెయ్యి వేసుకోకుండా పరిగెత్తుతా, ఎందుకంటే చెయ్యి వేసుకుంటే మేస్త్రి చూస్తాడు, చూస్తే చెప్తాడు, చెప్తే రాసాత్తి రేపు గేటు బయట. నాలుగో నెల. చీర బిగించి కట్టుకుంటే ఇంకొన్నాళ్లు కనపడదు. ఇరుళాయికి తెలుసు ఆ బిగింపు ఎట్లుంటుందో. దాన్ని తలుచుకోకూడదని బెంచీ చెక్కను గోటితో గీకింది. తలుచుకోవాల్సింది వేరే వుంది. మిల్లు కూత, ఆ అన్నం సంగు, ఊదేలోపల, సంగు ఊది జనం తిని మళ్లీ సంగు ఊదేలోపల, ఒక మాట తేల్చుకోవాల.

పొద్దున షిఫ్టు ఎక్కగానే మేనేజరు వెంకటసామి పిలిపించినాడు. నవ్వుతానే మాట్లాడినాడు. "తాలూకా ఆఫీసు మనిషి వస్తాడు, నీ పాస్‌పోర్టు ఎంక్వైరీకి. మలయాలో వుండే వేలుసామి పెండ్లామని రాయించుకున్నావంట. మా రిజిస్టర్లో నీకు పెండ్లే కాలేదే. పైగా ఆ వేలుసామి ఈ వరండాలోనే నిలబడి నువ్వు చెల్లెలని చెప్పినాడు, నేను విన్నా. అన్నకు చెల్లెలు పెండ్లామెట్లయింది? ఆయన అడిగితే ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు." ఆమె బల్లమీది రిజిస్టరు వైపు చూసింది. "మన వాళ్లు గదా అని అడుగుతుండా," అన్నాడు ఆయన, గొంతు మెత్తగా చేసి. "షెడ్డులో నీ మాదిరి ఇంకా ఎవరెవరుండారో పేర్లు చెప్పు. నీకు పెండ్లయిందని నేనే సంతకం పెట్టిస్తా. ఓడెక్కి పో. లేదంటే చెల్లెలని చెప్తా, నీ పాస్‌పోర్టు పోతాది, తప్పు రాయించినందుకు పోలీసు కూడా వస్తాడు. అన్నం సంగుకు ముందే వచ్చి బయట కూచో."

మన వాళ్లు. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది, మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు కరిగిపోయింది. అదే తప్పు. ఆమె ఒక్కదాని తప్పు కాదు, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కూలీ జనమంతా ఈ కోయంబత్తూరు మిల్లు గేట్ల ముందర చేసిన తప్పు. మదురై మిల్లు లైన్లలో పుట్టింది ఇరుళాయి. అక్కడ తెలుగంటే పొయ్యి దగ్గరి మాట, అమ్మ తిట్టే మాట, గుమ్మం దాటితే అంతా తమిళమే. పెండ్లయి ఇక్కడికి వచ్చినాక పనికని ఈ వరండాలో నిలబడితే, కుర్చీలో కూచున్న పెద్దమనిషి "ఏ వూరు పాపా, మదురైనా, మన వాళ్లేనా" అని తెలుగులో అడిగినాడు. కుర్చీలో కూచున్నవాడి నోట్లో నుంచి అమ్మ మాట రావడం ఆమె అంతకుముందు వినలేదు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆ వెంటనే అదే గొంతుతో "పెండ్లయిందా?" అని అడిగినాడు. భూములమ్మి మిల్లులు కట్టినవాళ్ల తెలుగు వేరు, ఆ మిల్లుల్లో దూది నుసి మింగేవాళ్ల తెలుగు వేరు అని ఆ నిమిషంలో తెలిసింది. మొగుడు వేలుసామి ముందే చెప్పి పంపినాడు. "లేదు సామీ" అనింది. ఆయన ఆమె మెడవైపు చూసినాడు, కొత్త పసుపు మరక ఇంకా చర్మం మీద వుంది, చూసి తల వంచి రాసుకున్నాడు. పెండ్లి కాలేదు. చూసీ రాసినాడు. అది అర్థం కావడానికి ఆమెకు ఏండ్లు పట్టింది.

చట్టం మంచిదే. కానుపుకు పోయిన ఆడదానికి జీతం ఇయ్యాలని సర్కారు చెప్పింది. మిల్లు దాన్ని పాత చీర తిరగేసినట్టు తిరగేసింది, కానుపు రానివాళ్లనే పెట్టుకుంటే ఇయ్యాల్సిన పనేముంది అని. పెండ్లికాని పిల్లలకే పని, పెండ్లయితే బయటికి. అయితే మొగుడి కూలితో ఒక్కపూట పొయ్యి వెలగని ఇండ్లల్లో పెండ్లయిన ఆడది ఇంట్లో కూచుంటుందా. కూచోదు. అందుకని అందరూ కన్నెలే. నెరిసిన జుట్టు కన్నెలు, ముగ్గురు బిడ్డల కన్నెలు. గేటు ఎదర ఉడకబెట్టిన శెనక్కాయలమ్మే పేచ్చియమ్మాళ్, మదురై మిల్లులో వేళ్లు పోగొట్టుకుని వచ్చిన ముసలామె, నోటినిండా ఆకు వేసుకుని అనేది, "ఈ మిల్లులో వుండేంత మంది కన్నెలు కన్యాకుమారిలో కూడా లేరే తాయీ." ఆడోళ్లు నవ్వేవాళ్లు. నవ్వుతానే వంగేవాళ్లు, శెనక్కాయలు ఏరుకుంటున్నట్టు, పైట చాటున తాళి తీసి, ఆవిరెత్తే గంపలోకి చెయ్యి పోనిచ్చి, అడుగున తడి గోనెగుడ్డ కింద పెట్టేవాళ్లు. షిఫ్టు దిగినాక మళ్లీ అట్లే వంగి తీసుకునేవాళ్లు. ఎవరి ముడి వాళ్లకు తెలుసు. ఒకరిది ఒకరు ముట్టకూడదు. మొదటి రోజు ఇరుళాయి తాళి తియ్యకుండా పిడికిట్లో పట్టుకుని నిలబడింది, తీస్తే మొగుడికి ముప్పు అని అమ్మ చెప్పింది. పేచ్చియమ్మాళ్ ఒక పసుపుకొమ్ము ఇచ్చింది. "మొలతాడుకు కట్టుకో. తాళి నా గంపలో వున్నంతసేపు ఈ కొమ్మే తాళి. దేవుడికి ఆమాత్రం తెలీదా? ఆయన కూడా మిల్లు చూసినోడే." షెడ్డంతా ఆడోళ్ల నడుముల్లో పసుపుకొమ్ములు. ఫ్రేముల మధ్య వంగి లేస్తే గుచ్చుకుంటాయి. పని చేస్తున్నంతసేపూ మొగుడున్నాడని ఆ గుచ్చుడే గుర్తుచేసేది.

తాళికి శెనక్కాయల వాసన పట్టింది. సాయంత్రం ఇంటికొస్తే వేలుసామి దగ్గరికి లాక్కుని ముక్కు పెట్టి, "ఉప్పు తక్కువైందే ఇయ్యాల" అనేవాడు. అదొక ఆట. ఒకసారి తాళిని నోట్లో పెట్టుకుని చప్పరించి, "ముసల్ది నిన్నటి నీళ్లలోనే ఉడకబెట్టింది" అన్నాడు. వేలుసామి కూడా ఈ మిల్లులోనే, దూది విప్పే గదిలో పని. తలనిండా, కనురెప్పల నిండా తెల్లగా నుసి. మలయాలో రబ్బరు తోటలో పుట్టినవాడు, యుద్ధానికి ముందు వాళ్లనాయన వెనక్కి తీసుకొచ్చినాడు. పాలలాగ కారే చెట్లు, వాన అడక్కుండానే పడే వూరు, అని చెప్పేవాడు. అక్కడ తోట లైన్లలో ఆడోళ్లు బిడ్డల్ని వెదురు ఉయ్యాల్లో వేసి పనికి పోతారంట, ఎవరూ ఏమీ అనరంట. నిజమో అబద్ధమో. ఆమెకు ఆ వెదురు ఉయ్యాల ఒక్కటి మనసులో పడిపోయింది. ఎందుకంటే ఈ మిల్లులో, ఇదే గోడకు అవతల, ఆమె కూడా చీర బిగించి కట్టుకుంది. రోజుకింత బిగించింది. అయిదో నెలలో ఒక పొద్దున ఫ్రేము ముందర పోగు అతికిస్తా వుంటే నడుములో పసుపుకొమ్ము గుచ్చుకున్నట్టయింది. అది కొమ్ము కాదు. కాళ్ల కింద నేల తడిసింది. నేలమీద రాలిన తెల్ల నుసి ఎర్రబడింది.

అయినా ఫ్రేములు ఆగలేదు. ఎవరు చెప్పినారో, వేలుసామి దూది గదినుంచి పరిగెత్తుకొని వచ్చి ఎత్తుకున్నాడు. ఈ వరండాలోనే, ఈ బెంచీ మీదనే పడుకోబెట్టినాడు. వెంకటసామి బయటికి వచ్చి అడిగినాడు, "నీకేమవుతాది ఈ పిల్ల?" నొప్పిలో కూడా ఆమె విన్నది. ఒక్క మాటకు ఎంతసేపు పట్టింది. పెండ్లామంటే ఆమె పని పోతుంది, దాచిపెట్టినందుకు అతని పనీ పోతుంది, మందుకు కాసు వుండదు. వేలుసామి ఆమె మొహం వైపు చూడలేదు. "చెల్లెలు సామీ," అన్నాడు. "అట్లనా. అయితే ఈ కడుపెవరిది?" అన్నాడు వెంకటసామి, వరండాలో పనివాళ్లంతా వింటావుండంగా. పోయిన బిడ్డకు తను తండ్రి కాదని వేలుసామి అనలేదు, అవునని కూడా అనలేదు. ఇంటికి తీసుకుపోయినాడు. తాళి వాసన చూడ్డం మానేసినాడు. కొన్నాళ్లకు, "అక్కడ పుట్టిన కాయితం నాయన పెట్టెలో వుంది, నేను పోవచ్చు. పోయి నిలదొక్కుకుని నిన్ను పిలిపిస్తా. పెండ్లామని రాసి పిలిపిస్తా," అన్నాడు. ఆ ఒక్క మాట నొక్కి అన్నాడు. నాగపట్నంలో ఓడ ఎక్కినాడు. అయిదేళ్లు కావస్తా వుంది.

పిలిపించడం అంత సులువని అనుకున్నారు ఇద్దరూ. కూలీల సంగం ఆఫీసులో అళగిరిసామి విడమరిచి చెప్పేదాకా ఆమెకు పాస్‌పోర్టూ వీసా ఒకటే. అళగిరిసామి సంగం గుమస్తా, మీటింగులకు గోడలమీద సున్నంతో రాసేవాడు, మాట కర్రలాగుంటుంది. "పాస్‌పోర్టు మన సర్కారుది. మన గుమ్మం దాటేదానికి. వీసా వాళ్లది, వాళ్ల గుమ్మంలో అడుగు పెట్టేదానికి. ఒకటుంటే చాలదు. విను. మలయాకు మూడు తలుపులుండాయి. ఒకటి, చూసిరావడం. మూడు నెలలు వుండొచ్చు, కూలికి పోకూడదు, నెలలు కాంగానే వెనక్కి. రెండోది, పనికి పోవడం. నెలకు అయిదునూర్ల మలయా డాలర్ల జీతం రాసిచ్చే దొర ఎవరైనా వుంటే రా అంటారు. ఎవరిస్తారు నీకు?" "ఇక్కడ ఆరు నెలలు చేసినా అంత రాదు నాకు," అనింది ఇరుళాయి. "అదే. మూడోది పెండ్లాం. మొగుడు అక్కడుండి, నా పెండ్లామని రాస్తే, నువ్వు ఇక్కడ అవునని చూపిస్తే, కూడా వుండిపోయేదానికి పర్మిట్టు ఇస్తారు. నీకుండేది అది ఒక్కటే. అది కూడా వచ్చే నెలతో సరి. కొత్త చట్టం వస్తా వుంది, మొగుడికి అయిదేళ్లు దూరంగా వుండిన పెండ్లానికి తలుపు మూస్తారంట." ఆమె అడిగింది, "మా మామను తీసుకుపోయినప్పుడు ఇన్ని తలుపులు లేవే?" అళగిరిసామి ఉమ్మి వచ్చి కూచున్నాడు. "అప్పుడు తోటలకు చెమట కావాల. కూలీలను పోగుచేసే కంకాణి వూరూరికి వచ్చి తలకాయలెంచి ఓడెక్కిచ్చె. ఎవరికెవరు పెండ్లామని అడిగినోడు లేడు. ఇప్పుడు చెట్లు పెరిగినాయి, చెమట చాలు. ఇప్పుడు అడుగుతారు. సిలోను కూడా అంతే, బర్మా కూడా అంతే. కావల్సినప్పుడు గుంపుగా తోలుకుపోతారు, చాలన్నాక ఒక్కొక్కళ్ల మెడ పరీక్ష."

మెడ పరీక్ష. ఇరుళాయి తన మెడ తడుముకుంది. బోసిగా వుంది, చెమటకు నుసి అంటుకుని గరుకుగా. ఆమె తాళి గేటు బయట గంప అడుగున వుంది. పెండ్లామని నిరూపించుకోవాల్సిన గంటలో తాళి శెనక్కాయల కింద వుంది. నవ్వొచ్చింది, నవ్వలేదు. మూడు తలుపులు. ఇప్పుడు ఈ వరండాలో నాలుగోది తెరిచినాడు వెంకటసామి, అది అన్నిటికన్నా వెడల్పు, పేర్లు చెప్పు, పో. ఆయనకు పేర్లు తెలియక కాదు. కండ్లుండేవాడికి తెలియనిదా. నలభై దాటిన ఆడది, పాలు కారి రవిక తడిసిన ఆడది, కన్నె ఎట్లవుతుంది. తెలిసే వూరుకున్నాడు ఇన్నేళ్లూ. అబద్ధం వీళ్ల నోట్లో వుంటే కత్తి ఆయన చేతిలో వుంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరి మెడ కావాలంటే వాళ్ల మెడ. సంగం కానుపు జీతం అడిగిందని ఇప్పుడు తీసినాడు కత్తి. ఒక ఆడదాని నోటితో పేర్లు చెప్పించుకుంటే చాలు, దుమ్ము ఆయన మీద పడదు. ఇదే మాట పోయిన ఎండాకాలం సంగం మీటింగులో ఇరుళాయి లేచి చెప్పింది, ఒక్కదాని మెడలో వుంటే తప్పంటాడు, అందరి మెడల్లో వుంటే ఏమంటాడు, ఒకరోజు అందరం కట్టుకునే షెడ్డులోకి పోదాం అని. రాసాత్తి నేలవైపు చూసింది. ఇంకెవరో, "నీకేమే, మొగుడు పరాయి సీమలో వుండాడు, రేపు పిలిస్తే పోతావు, మేం యాడికి పోయేది?" అనింది. నిజమే. కూచుండిపోయింది.

సంగు ఊదింది. అన్నం సంగు. గోడలో అదురు ఒక్కసారిగా పడిపోయింది, చెవుల్లో ఖాళీ నిండింది, వెన్ను వెనక ఏదో లాగేసినట్టయింది. ఆడోళ్లు షెడ్డులోనుంచి బయటపడినారు, వరండా ముందునుంచే గేటువైపుకు దోవ. రోజూ అయితే కూతలు, దెప్పుళ్లు, అన్నం తెచ్చుకునే తూక్కు చట్టెల చప్పుళ్లు. ఇయ్యాల మాటే లేదు. ఒక్కరూ బెంచీవైపు చూడలేదు. ఇన్నేళ్లు పక్క ఫ్రేముల్లో నిలబడినవాళ్లు, ఒకే గంపలో చేతులు పెట్టినవాళ్లు, గోడను చూసినట్టు చూసి పోయినారు. రాసాత్తి కూడా. పైట నిండా కప్పుకుని, తల వంచుకుని. పొద్దున ఆమే తన సద్దిలో సగం తీసి ఇరుళాయి గిన్నెలో వేసింది. ఏమీ అడగలేదు. నా పేరు చెప్పొద్దక్కా అని ఒక్క మాట అడిగి వుంటే బాగుండు, కోపం తెచ్చుకోడానికి ఒక సందు దొరికేది. అడగకుండా మాగాయ ముక్క కూడా వేసి పోయింది. అయిపోయింది, నన్ను వదిలేసినారు, అనుకుంది ఇరుళాయి. చెప్పేస్తానని తీర్మానించుకున్నారు. తీర్మానించుకున్నాక చెప్తే ఏమి, చెప్పకపోతే ఏమి.

చెప్తే ఏమి. ఆ ఆలోచన వచ్చి బెంచీమీద పక్కన కూచుంది, లేచి పొమ్మన్నా పోలేదు. ఒక్క పేరు చాలునేమో. రాసాత్తి పేరు. ఎట్లైనా ఇంకో నెలకో రెండు నెలలకో కడుపు కనపడుతుంది, అప్పుడు ఎట్లైనా పోతుంది పని. నెల ముందు పోతే ఏం. ముందే పోతే బిడ్డన్నా దక్కుతుంది గదా, నాకు దక్కనిది. మంచే చేసినట్టు. మంచి అని అనుకున్నదో లేదో గుర్తుపట్టింది, ఇది వెంకటసామి గొంతు, మెత్తటి గొంతు, నా లోపలికి ఎప్పుడు వచ్చింది. ఓడ కనపడింది. ఓడ ఆమె చూడలేదు, వేలుసామి చెప్పిన ఓడ, ఇనుప గోడలు రాత్రీ పగలూ అదురుతాయంట షెడ్డు మాదిరే. ఆ ఓడ దిగితే వేలుసామి నిలబడి వుంటాడు, జుట్టులో నుసి లేకుండా, గుర్తుపట్టలేదేమో తను. దగ్గరికి లాక్కుని తాళి వాసన చూస్తాడు. ఏం వాసనొస్తుంది అప్పుడు. రాసాత్తి నేలకూలిన వాసన వస్తుందా, పొయ్యి వెలగని ఇండ్ల వాసన వస్తుందా. ఉప్పు సరిపోయిందే అంటాడా. వెదురు ఉయ్యాల కదులుతుంది. ఆ ఉయ్యాల కావాల ఆమెకు. తప్పా. ఇరవై ఎనిమిదేళ్లకు ఒక ఉయ్యాల కావాలనుకోవడం తప్పా. ఈ నెల పోతే వేలుసామి బతికినంతకాలం అక్కడ, తను ఇక్కడ, మధ్యలో సముద్రం, రిజిస్టర్లో కన్నె. చచ్చినా కన్నె. పేరు చెప్పకపోతే అది. చెప్తే ఇది. పేరు చెప్పకుండా మూడో తలుపు తెరుచుకోకూడదా.

సైకిలు చప్పుడు. తాలూకా ఆఫీసు మనిషి దిగినాడు, సన్నగా, చెమటలు కారుతా, చంకలో ఫైలు. బంగారు అనే గేటు కావలికారి సైకిలు పట్టుకున్నాడు, పట్టుకుని ఒక్కసారి ఇరుళాయిని చూసి కండ్లు దించుకున్నాడు. వీడు కూడా. రోజూ ఆ గంపలో శెనక్కాయలు ఊరికే తింటాడు వీడు, అడుగున ఏముందో తెలిసీ పైపైనే తింటాడు. లోపల కుర్చీ జరిగింది, టీ గ్లాసు చప్పుడైంది. పిలుపు వచ్చింది. లేచి లోపలికి పోయింది. గదిలో ఫ్యాను తిరుగుతా వుంది, బల్ల మీద మిల్లు రిజిస్టరు తెరిచి పెట్టి వుంది. తాలూకా ఆఫీసు ఆయన తమిళాయన, తమిళంలో పేరడిగినాడు, చెప్పింది. వెంకటసామి నవ్వి, ఆ వచ్చినాయనకు అర్థం కాకుండా తెలుగులో, ఇంటి మాటలాగ, "ఏం పాపా, ఆలోచించినావా? పేర్లు చెప్తావా, చెల్లెలని చెప్పమంటావా?" అన్నాడు.

అమ్మ మాట. అమ్మ మాటను ముసుగులాగ కప్పుకుని అడుగుతున్నాడు. ఇరుళాయికి ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, గొంతు మాత్రం గట్టిగా వచ్చింది, తమిళంలో, తాలూకా ఆఫీసు ఆయన మొహం చూసి చెప్పింది. "ఈయన నన్ను తెలుగులో ఏమడుగుతున్నాడో చెప్తా, రాసుకోండి సామీ. షెడ్డులో పెండ్లయినవాళ్ల పేర్లు చెప్తే నాకు పెండ్లయిందని సంతకం పెడతాడంట. చెప్పకపోతే నేను వేలుసామి చెల్లెలని చెప్తాడంట. పేర్లు చెప్పను. చెల్లెల్ని కాను." వెంకటసామి నవ్వు అట్లే ఆగింది. "పొగరు సార్, సంగం వాళ్ల మాటలు," అన్నాడు తమిళంలో, రిజిస్టరు ముందుకు తోసి. "చూడండి, పదేళ్ల కింద రాసింది. పెండ్లి కాలేదు. ఆ వేలుసామి నా ముందరే చెల్లెలన్నాడు. మలయా పోవాలని ఇట్ల మొగుళ్లను చేసుకుంటారు." తాలూకా ఆఫీసు ఆయన రిజిస్టరు చూసినాడు, ఆమె బోసి మెడ చూసినాడు. "కాయితం ఇట్ల చెప్తా వుంది గదమ్మా," అన్నాడు. చెడ్డవాడు కాదు. కాయితం నమ్మేవాడు. కలం మూత తీసినాడు.

సంగు ఊదింది. అన్నం అయిపోయిన సంగు. ఇరుళాయి అలవాటుగా గోడ అదురు కోసం ఎదురు చూసింది. బెల్టులు పట్టుకునే ఆ మొదటి మూలుగు, తర్వాత ఒక్కొక్క ఫ్రేమూ. రాలేదు. కలం కాయితం మీద ఆనింది. గోడ అదరలేదు. వెంకటసామి తల ఎత్తినాడు, ఆయన చెవి కూడా మిల్లు చెవే. "ఏమైంది షెడ్డులో?" అని అరిచినాడు బయటికి. ఏదో వాసన వచ్చింది. ఉడికిన శెనక్కాయల వాసన, ఉప్పు ఆవిరి, తడి గోనె, ఒక గంపలోనుంచి వచ్చే వాసన కాదు, వరండా అంతా నిండి గదిలోకి తోసుకొస్తున్న వాసన. తలుపు తీసినారు. వాకిట్లో పేచ్చియమ్మాళ్, ఈ మిల్లు గేటు ఎన్నడూ దాటని మనిషి, గంప నెత్తిన పెట్టుకుని. ఆమె వెనక ఆడోళ్లు, వరండా పొడుగునా, మెట్లమీద, ఎండలో. పైటలు మెడ కనపడేట్టు భుజాల మీదికి జరుపుకున్నారు. పసుపు తాళ్లు, పాతబడి నల్లబడినవి, నిన్న కట్టినవి, తడి తడిగా, చర్మానికి అంటుకుని. వంచుకుని పోయిన తలలన్నీ ఎత్తి వున్నాయి. గంపకోసం పోయినారన్నమాట. నన్ను చూడకుండా పోయింది అందుకు. ముందర రాసాత్తి, చీర బిగింపు వదిలేసి, నాలుగో నెల కడుపు కనపడేట్టు, చెయ్యి దాని మీద వేసుకుని.

"ఈ బంగారుగాడు ఆపుతాడనుకున్నా," అనింది పేచ్చియమ్మాళ్, గంప దించి, "నా కాయలు తిన్న విశ్వాసానికి గేటు తెరిచినాడు." గంపలో కాయలు పక్కకు జరిపి అడుగున చెయ్యి పెట్టింది, రెండు వేళ్లు లేని చెయ్యి. ఒక్క తాళి మిగిలి వుంది. ఇంకొకరిది ముట్టకూడదు, అందుకని ఎవరూ ముట్టలేదు. అట్లే గంపతోనే మోసుకొచ్చినారు.

తాలూకా ఆఫీసు ఆయన వాకిలి చూసినాడు, రిజిస్టరు చూసినాడు. ఒక పేజీ తిప్పినాడు, ఇంకో పేజీ తిప్పినాడు. పెండ్లి కాలేదు, కాలేదు, కాలేదు. "ఇందులో ఒక్కరికీ పెండ్లి కాలేదనే వుందే సార్," అన్నాడు వెంకటసామితో. రిజిస్టరు మూసి బల్ల అవతలికి జరిపినాడు. తన ఫైలు తెరిచి, "వేలుసామి నీకేమవుతాడమ్మా?" అని అడిగినాడు.

ఈ గోడల లోపల ఆ మాట ఎవరూ పలకలేదు ఇన్నేళ్లూ. ఆ బెంచీమీద వేలుసామి నోట్లోనే చచ్చిపోయిన మాట. తమిళం గుర్తుకు రాలేదు. "నా మొగుడు," అనింది ఇరుళాయి తెలుగులో. ఆయనకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. రాసుకున్నాడు.

ఇరుళాయి తాళి మెడకు పెట్టుకుంది. రాసాత్తి వెనక్కి వచ్చి నిలబడి ముళ్లు వెయ్యడం మొదలుపెట్టింది. "మూడో ముడి వేసే ఆడబిడ్డ కూడా లేదు నీకు, నేనే కట్టాల," అని చెవిలో గొణిగింది. తర్వాత, నెమ్మదిగా, "నువ్వు పోక్కా. అయిదేళ్లు నిండేలోపల ఓడెక్కు. ఇక్కడ మేముండాం." రేపు గేటుకు తాళం పడుతుంది, ఇరుళాయికి తెలుసు, వీళ్లందరికీ తెలుసు. రేపు వీళ్లు ఎండలో కూచుంటారు, ఏ పొయ్యీ వెలగదు, అప్పుడు తను నాగపట్నం రైల్లో వుండాల. పోయేదానికి హక్కు చేతికి వచ్చింది, పోవడం ఎంత బరువో కూడా అప్పుడే చేతికి వచ్చింది. "మూడో ముడి గట్టిగా వెయ్యి," అనింది రాసాత్తితో. బయట సంగు మళ్లీ ఊదింది, పనికి రమ్మని, పొడుగ్గా, ఎవరో తాడు పట్టుకుని వదలకుండా లాగుతున్నట్టు. ఎవరూ కదల్లేదు. ఇరుళాయి చెయ్యి చాపి గోడకు ఆనించింది. గోడ వూరికే వుంది.